తొడ ఎముక అతుక్కున్నా బాబు కాలు మోపడం లేదు: ఎన్నాళ్లు ఆగవచ్చు, ఎప్పుడు ఆగకూడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాలుగున్నరేళ్ల మీ అబ్బాయి అక్కతో ఆడుకుంటూ మంచం మీది నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. నడుము చుట్టూ తిప్పి కాలి కింది దాకా స్పైకా కట్టు వేసి ఆరు వారాలు ఉంచారు. కట్టు తీసి పది రోజులైంది. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు ఎముక బాగా అతుక్కుందని, ఇక నడవనివ్వవచ్చని చెప్పారు. అయినా బాబు ఇల్లంతా మోకాళ్ల మీద పాకుతున్నాడే తప్ప ఆ కాలు కింద మోపడం లేదు. నిలబెడితే పాదం బయటి వైపుకు తిరిగి ఉంటోంది. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. ఎముక వంకరగా అతుక్కుందేమోనని మీ ఆవిడ భయపడుతున్నారు, బలవంతంగానైనా నడిపించాలని మీ అమ్మగారు పట్టుబడుతున్నారు, వీటికి తోడు మీ పెద్దమ్మాయి ఈ మధ్య ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. కట్టు తీసిన పది రోజులకు మీరు వర్ణించిన స్థితిలో ఉండటం మామూలే, బలవంతంగా నడిపించవలసిన పని లేదు. ఈ వయసు పిల్లల్లో చాలామంది కట్టు తీసిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య తమంతట తామే అడుగులు వేస్తారు. ఆ తరువాత కుంటడం మాత్రం కొన్ని నెలల పాటు ఉండి, నెమ్మదిగా తగ్గుతుంది. అయితే ఆగి చూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటిని కింద విడిగా రాస్తాను. నేను పిల్లల ఎముకల విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టును. ఇక్కడ రాసేది ఆ అనుభవంతోనే, కానీ బాబును చేత్తో పరీక్షించిన వారి మాటకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

మీ ప్రశ్నలో మీరు పెద్దగా పట్టించుకోకుండా వదిలేసిన ఒక మాట నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది. బాబు మోకాళ్ల మీద పాకుతున్నాడు అన్నారు. పిరుదుల మీద దేకడం వేరు, మోకాళ్ల మీద పాకడం వేరు. మోకాలు నేలకు ఆనించి పాకే పిల్లవాడి ఒంటి బరువు కొంత తుంటి నుంచి తొడ ఎముక గుండానే మోకాలికి దిగుతుంది. అంటే విరిగి అతుక్కున్న ఆ ఎముక మీదికి అతడు ఇప్పటికే బరువు తీసుకుంటున్నాడు, అది అతడికి నొప్పి పుట్టించడం లేదు. అందువల్ల సమస్య అతుకు దగ్గర ఉండే అవకాశం తక్కువ. వారాల తరబడి కదలక బిగుసుకున్న మోకాలు, చీలమండ, చిక్కిపోయిన తొడ కండరాలు, వాటికి తోడు ‘నిలబడితే పడతాను, పడితే మళ్లీ ఆ కట్టు వేస్తారు’ అనే భయం కలిసి అతడిని ఆపుతూ ఉండాలి. ఈరోజే ఒకసారి గమనించండి: పాకేటప్పుడు రెండు మోకాళ్లను సమానంగా ఆనిస్తున్నాడా, లేక ఆ కాలిని పక్కకు ఈడుస్తున్నాడా? సమానంగా ఆనిస్తుంటే మీ ఆవిడకు చూపించండి, నా మాటల కన్నా ఆ దృశ్యమే ఆమెకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఇక వంకరగా అతుక్కుందేమో అన్న అనుమానం గురించి. ఈ వయసు పిల్లల తొడ ఎముక ఎక్స్‌రే చూసి తల్లిదండ్రులు కంగారుపడటం నేను తరచుగా చూస్తుంటాను. విరిగిన రెండు కొనలు ఎదురెదురుగా కూర్చోకుండా ఒకదాని పక్కన ఒకటి కాస్త జరిగి ఉండటం, చుట్టూ కాలస్, అంటే అతుకు కోసం కొత్తగా ఏర్పడే ఎముక, తెల్లని మబ్బులాంటి ముద్దగా కనిపించడం చూస్తే, వైద్యం సరిగా జరగలేదని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో కొనలు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వరకు ఒకదాని మీదికి ఒకటి జరిగి ఉండటాన్ని, ముందు వెనుకలకు 20 డిగ్రీల వరకు, పక్కలకు 15 డిగ్రీల వరకు వంపు ఉండటాన్ని డాక్టర్లు తెలిసే అంగీకరిస్తారు. విరిగిన చోటు నయం కావడానికి రక్తప్రసరణ పెరిగినప్పుడు ఆ ఎముకలోని గ్రోత్ ప్లేట్లు (ఎముక కొనల దగ్గర ఉండి దాన్ని పొడవు పెంచే మెత్తని పొరలు) కూడా ఉత్తేజితమై, రెండేళ్ల నుంచి పదేళ్ల మధ్య వయసు పిల్లల్లో ఆ కాలు మొదటి ఏడాది, రెండేళ్లలో సగటున ఒక సెంటీమీటరు దాకా అదనంగా పెరుగుతుంది. కొనలను సరిగ్గా ఎదురెదురుగా కూర్చోబెడితే ఆ అదనపు పెరుగుదల వల్ల కాలు రెండోదాని కన్నా పొడవు కావచ్చు కూడా. వంపు సైతం ఎదుగుదలతో పాటు చాలావరకు సరిదిద్దుకుంటుంది. తొడ మీద చేత్తో తడిమితే తగిలే గట్టి ముద్ద కూడా ఆ కాలసే. అది నెలల తరబడి కరుగుతూ పోతుంది, దాన్ని నొక్కడం గానీ రుద్దడం గానీ చేయకండి.

ఎదుగుదల సరిదిద్దలేనిది ఒకటి ఉంది, అది ఎముక తన చుట్టూ తాను మెలితిరిగి అతుక్కోవడం. పాదం బయటికి తిరిగి ఉందన్న మీ మాటను నేను తేలికగా తీసుకోకపోవడానికి కారణం అదే. అయితే స్పైకా కట్టులో కాళ్లను ఎడంగా, కాస్త బయటికి తిప్పి ఉంచుతారు గనుక, కట్టు తీసిన కొత్తలో దాదాపు ప్రతి పిల్లవాడూ పాదాన్ని బయటికి తిప్పే నిలబడతాడు. పైగా అలా నిలబడితే పట్టు ఎక్కువ దొరుకుతుంది. బాబు నిద్రలో వెల్లకిలా ఉన్నప్పుడు రెండు మోకాలిచిప్పలు ఎటు చూస్తున్నాయో పోల్చి చూడండి. నిద్రలో రెండూ ఇంచుమించు ఒకేలా ఉండి, నిలబడినప్పుడు మాత్రమే తేడా వస్తుంటే అది అలవాటు వల్ల వచ్చినదే, వారాల్లో పోతుంది. నిద్రలోనూ ఒక మోకాలిచిప్ప స్పష్టంగా పక్కకు తిరిగి ఉంటే తరువాతి సందర్శనలో తప్పక అడగండి. మెలికను డాక్టరు బోర్లా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, తుంటి ఎంత తిరుగుతుందో రెండు వైపులా చూసి అంచనా వేస్తారు. ఇంట్లో ఆ పరీక్ష మీరు చేయకండి.

మీ అమ్మగారి పట్టుదల వెనుక ఉన్న ఆందోళన నాకు అర్థమవుతుంది. అయితే ఆమె అనుసరిస్తున్న పద్ధతి, అంటే బాబు రెండు చేతులూ పైకి పట్టుకుని ముందుకు నడిపించడం, ఆశించిన దానికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. చేతులు పైకి ఉన్నప్పుడు పిల్లవాడి బరువు సగం పట్టుకున్నవారి భుజాల మీదికి పోతుంది. అతడు కాళ్ల మీద నిలబడటం కాదు, చేతుల నుంచి వేలాడటం నేర్చుకుంటాడు. వదిలిన మరుక్షణం కూలబడతాడు, దానితో భయం ఇంకొంచెం పెరుగుతుంది. పట్టుకోవలసివస్తే వెనుక మోకరిల్లి తుంటి దగ్గర రెండు వైపులా తేలికగా చేతులు ఆనించండి. అలా పట్టుకుంటే బరువు అతడి కాళ్లలోకే దిగుతుంది, పడబోతే ఆపడానికి మీరు అక్కడే ఉంటారు. ఈ మాట అమ్మగారికి ‘మీరు చేసేది తప్పు’ అన్నట్టు కాకుండా, పట్టుకునే పద్ధతి మార్చమన్నారని చెబితే ఆవిడే మీకు మంచి తోడవుతారు. ఓపికగా పిల్లలను ఆడించే విషయంలో నానమ్మలకు ఉన్న నేర్పు మాకు ఉండదు.

నేను నాలుగేళ్ల పిల్లలతో ‘నడువు’ అనే మాట వాడను. అతడి ఛాతీ ఎత్తుకు సరిపోయే బల్ల ఒకటి గోడకు ఆనించి, ఇష్టమైన బొమ్మలు దాని మీద పెట్టి ఊరుకుంటాను. నేల మీద బొమ్మలు ఉంటే పాకి తీసుకుంటాడు, బల్ల మీద ఉంటే మోకాళ్ల మీద నిలబడతాడు, కాసేపటికి మంచి కాలి మీద లేస్తాడు. మొదట్లో దెబ్బ తగిలిన కాలి బొటనవేలు మాత్రమే నేలకు తగులుతుంది. ఒకటి రెండు రోజుల్లో పాదం ముందుభాగం ఆనుతుంది. ఆటలో పూర్తిగా మునిగిన ఒక క్షణంలో మడమ దిగుతుంది. ఆ మడమ దిగడం కోసమే నేను కనిపెట్టుకుని ఉంటాను, ఎందుకంటే అక్కడి నుంచి అడుగు పడటానికి ఎంతో కాలం పట్టదు. అప్పుడు బొమ్మలను కొంచెం కొంచెంగా దెబ్బ తగిలిన కాలి వైపుకు జరుపుతాను. అటు వంగితే బరువు అటే వెళ్తుంది. తరువాత బల్ల అంచు పట్టుకుని పక్కకు జరుగుతాడు, ఆ తరువాత ఒక బల్ల నుంచి ఇంకొక బల్లకు చేయి చాస్తాడు. చంటిపాపగా ఉన్నప్పుడు నడక నేర్చుకున్న వరుసలోనే పిల్లలు మళ్లీ నేర్చుకుంటారు. ఆ వరుసలో ఒక మెట్టు దాటించాలని చూస్తే సాధారణంగా రెండు మెట్లు వెనక్కి పోతారు. మడమ దిగినప్పుడు చప్పట్లు కొట్టి అందరినీ పిలవకండి. తన కాలిని అందరూ చూస్తున్నారని తెలిసిన మరుక్షణం దాన్ని ఎత్తేసుకునే పిల్లలు చాలామందే ఉన్నారు.

ఇంట్లో చేయవలసిన మిగతావి చిన్నవే. నేల తడిగా లేకుండా, జారకుండా చూసి బాబును వట్టి కాళ్లతోనే తిరగనివ్వండి, మేజోళ్లు మాత్రం వేయకండి. గోరువెచ్చని నీటి తొట్టిలో కూర్చోబెట్టి ఆడుకోనిస్తే మోకాలు దానంతట అదే వంగుతుంది. మోకాలిని మీరు పట్టుకుని వంచడం, లాగడం అసలు వద్దు, ఈ వయసులో ఆ అవసరం రాదు. కట్టు కింద ఉన్న చర్మం పొలుసులుగా రాలుతుంది, ఆ కాలి మీద వెంట్రుకలు కాస్త ఒత్తుగా కనిపిస్తాయి, రెండూ పోయేవే. గట్టిగా తోమకుండా, వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి చాలు. వారాల పాటు బరువు పడని ఎముకలో గట్టిదనం కొంత తగ్గి ఉంటుంది గనుక గెంతడం, మంచాలు, సోఫాలు ఎక్కి దూకడం, ట్రాంపోలిన్, రెండు చక్రాల సైకిలు వంటివి డాక్టరు అనుమతించేదాకా ఆపాలి. పిల్లవాడు బాగా నడుస్తున్నాడని ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉండే రోజులే ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైన రోజులు.

ఎప్పుడు ఆగకూడదు అన్నది ఇప్పుడు చెబుతాను. కాలు వాచి, వేడెక్కి, ఎర్రబారినా, కారణం తెలియని జ్వరం వచ్చినా, ఆడకుండా కదలకుండా పడుకుని ఉన్నప్పుడు కూడా ఒకే చోట నొప్పి అంటున్నా, తొడ ఆకారం కొత్తగా వంగినట్టు కనిపించినా అదే రోజు తీసుకువెళ్లండి. పాదాన్ని పైకి, తనవైపుకు ఎత్తలేక వేళ్లు కిందికి వేలాడుతుంటే అది భయం కాదు. మోకాలి పక్కన, బయటి వైపున చర్మానికి చాలా దగ్గరగా వెళ్లే నరం మీద కట్టు ఒత్తిడి పడితే అలా జరుగుతుంది, దాన్ని వెంటనే చూపించాలి. ఇవేవీ లేకపోయినా, కట్టు తీసి నాలుగు వారాలు దాటినా బరువు అస్సలు మోపకపోతే మరొకసారి పరీక్ష చేయించడం మంచిది.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ నమ్మే గుర్తు ఒకటి ఉంది. నెమ్మదిగా ముందుకు వెళ్లే పిల్లవాడి గురించి నాకు బెంగ లేదు, ముందుకు వెళ్లి వెనక్కి వచ్చిన పిల్లవాడిని మాత్రం వెంటనే చూడాలంటాను. మీ బాబు వయసు పిల్లవాడే ఒకడు కట్టు తీసిన రెండో వారంలో బల్ల పట్టుకుని చక్కగా నిలబడేవాడు. ఒక ఉదయం నుంచి నిలబడటం మానేశాడు, పాకడం కూడా మానేసి పిరుదుల మీద దేకసాగాడు. మారాం చేస్తున్నాడని ఇంట్లో అనుకున్నారు. మోకాలికి కొంచెం పైన నొక్కితే ముఖం చిట్లించాడు. ఎక్స్‌రేలో పాత అతుకు గట్టిగానే ఉంది, కానీ దానికి కింద, మోకాలి దగ్గర మెత్తబడిన ఎముకలో చిన్న నొక్కు పడింది. ముందు రోజు సోఫా మీది నుంచి జారి దిగాడట, పడ్డట్టు కూడా ఎవరికీ అనిపించలేదు. కొద్ది వారాల విశ్రాంతితో అది మానింది. మరొక పాప మాత్రం నెల దగ్గరపడుతున్నా అడుగు వేయలేదు. పరీక్షల్లో ఏమీ లేదు, రోజురోజుకూ కొద్దికొద్దిగా మెరుగవుతూనే ఉంది. వాళ్లమ్మ ‘నొప్పిగా ఉందా?’ అని గంటకోసారి అడగడం తగ్గించుకున్నాక, పాప బల్ల పట్టుకుని తిరగడం మొదలుపెట్టి ఆ తరువాతి వారానికి వదిలేసి నడిచింది. ఈ ఇద్దరినీ ఏదో ఒక రోజున పక్కపక్కన చూస్తే పాప పరిస్థితే బాగాలేదనిపించేది. అందుకే వారానికి ఒకసారి, ఒకే చోట, ముందు నుంచి, పక్క నుంచి కొద్ది క్షణాల వీడియో తీసి పెట్టుకోండి. రోజూ చూసే కళ్లకు కనిపించని మార్పు అందులో కనిపిస్తుంది, డాక్టరుగారికి కూడా మీ మాటల కన్నా అది ఎక్కువ ఉపయోగపడుతుంది.

నొప్పి మందు విషయం ఒక్క మాటలో చెబుతాను. కట్టు తీసిన మొదటి కొద్ది రోజులు బిగుసుకున్న కీళ్లు కదిలేటప్పుడు నొప్పి ఉండటం సహజం, బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఇవ్వవచ్చు. పది రోజుల తరువాత కూడా రోజూ మందు లేకుండా గడవడం లేదంటే మాత్రం ఆ సంగతి వారికి చెప్పాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

రాత్రి ఉలిక్కిపడటం దగ్గరికి వద్దాం. కట్టు ఉన్నప్పుడు నిద్రపట్టే సమయానికి తొడ కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని పిల్లలను లేపేస్తుంటాయి, కొందరికి ఆ అలవాటు కట్టు తీశాక కూడా కొంతకాలం మిగులుతుంది. దానికి తోడు ఆరు వారాల పాటు తానంతట తాను పక్కకు తిరగలేక, మలమూత్రాలకు కూడా ఇతరుల మీద ఆధారపడిన పిల్లవాడికి, కట్టు కోసే రంపం మోత కూడా తోడయ్యాక, భయం రాత్రిపూట బయటికి రావడంలో వింత లేదు. పక్క తడపడం, చంటిపిల్లవాడిలా మాట్లాడటం, అమ్మ కొంగు వదలకపోవడం కూడా ఈ దశలో చూస్తాం. ‘ఏం కాలేదులే’ అని కొట్టిపారేయడం కన్నా, జరిగినదాన్ని అతడి చేతే బొమ్మతో ఆడించడం మేలు. బొమ్మ కాలికి గుడ్డ చుట్టి, కొన్నాళ్లు ఉంచి, తనే విప్పేసే ఆట పిల్లలు మళ్లీ మళ్లీ ఆడతారు. ఆడనివ్వండి. లేచినప్పుడు కాలి దగ్గర ఒకే చోట చెయ్యి పెట్టి ఏడుస్తుంటే మాత్రం దాన్ని కలగా తీసుకోకుండా పైన చెప్పినట్టు అదే రోజు డాక్టరుకు చూపించండి.

ఆసుపత్రిలో ఎలా పడ్డాడో ఒక్కొక్కరు వచ్చి అదే ప్రశ్న అడిగారని, తమను అనుమానించినట్టు మీ ఆవిడ బాధపడ్డారని రాశారు. చిన్నపిల్లల్లో తొడ ఎముక విరిగినప్పుడు ఆ ప్రశ్నలు అందరినీ అడుగుతారు, అడగకపోతేనే తప్పు. కారణం దాచబడిన గాయాలను పట్టుకోవడానికి అది ఒక ముఖ్యమైన దారి. మీ సమాధానాలు గాయానికి సరిపోయాయి గనుకనే సంగతి అక్కడితో ముగిసింది. నడక వచ్చిన పిల్లల్లో పెద్ద ఎత్తు నుంచి పడనక్కరలేదు, కాలు మెలితిరిగి పడితే మంచం ఎత్తు నుంచి కూడా తొడ ఎముక విరుగుతుంది. ‘ఒక్క నిమిషం గదిలో ఉండి ఉంటే’ అని ఆమె తనను తాను నిందించుకుంటూ ఉంటే ఈ మాట చెప్పండి. ఇన్నాళ్లూ బాబును ఎత్తి, తిప్పి, శుభ్రం చేసి, రాత్రుళ్లు మేల్కొన్నది ఎక్కువగా ఆమే అయి ఉంటారు. ఇప్పుడు ఆమె భయంలో సగం ఆ అలసటే కావచ్చు. వారంలో రెండు మూడు రాత్రులు బాబు దగ్గర మీరు పడుకోండి.

మీ పెద్దమ్మాయి గురించి. తమ్ముడి మీద అందరి దృష్టీ ఉందని అలిగిందని మీరు అనుకుంటున్నారు. అది కొంత నిజం కావచ్చు. కానీ పడినప్పుడు ఇద్దరూ కలిసి ఆడుకుంటున్నారని మీరే రాశారు. ఎనిమిదేళ్ల పిల్ల ‘నా వల్లే తమ్ముడి కాలు విరిగింది’ అని మనసులో పెట్టుకుని, ఆ మాట అడిగే ధైర్యం లేక ముభావంగా ఉండటం అలకలాగే కనిపిస్తుంది. మీ ఇద్దరిలో ఒకరు ఆమెను విడిగా కూర్చోబెట్టుకుని, ఆ రోజు ఏం జరిగిందో ఆమె మాటల్లో చెప్పనివ్వండి. మధ్యలో సర్దిచెప్పకండి. చివరన అది ఆటలో జరిగిన ప్రమాదమని స్పష్టంగా చెప్పండి. తరువాత బల్ల ఆటల్లో ఆమెను చేర్చండి, కానీ తమ్ముడి కాలికి కాపలాదారును చేయకండి, ఆ వయసుకు అది మోయలేని పని.

బడికి ఎప్పుడు పంపాలన్నది తొందరపడవలసిన విషయం కాదు. పట్టుకోకుండా గది దాటగలిగిన తరువాత పంపవచ్చు, మెట్లు అన్నింటికన్నా చివర వస్తాయి. ఉపాధ్యాయురాలితో రెండు సంగతులు చెప్పండి: విరామ సమయంలో పిల్లల తొక్కిసలాట మధ్యకు వదలకూడదు, కుంటుతున్నాడని అదే పనిగా సరిచేయకూడదు. తరువాతి సందర్శనకు వెళ్లేటప్పుడు కాళ్ల పొడవు ఎప్పుడెప్పుడు కొలుస్తారు, దూకే ఆటలు ఎప్పటి నుంచి ఆడవచ్చు, విరిగిన చోటు గ్రోత్ ప్లేటుకు ఎంత దూరంలో ఉంది అని అడిగి రాసుకోండి. తొడ మధ్యలో విరిగితే గ్రోత్ ప్లేటుకు ప్రమాదం తక్కువ. మోకాలి దగ్గర విరిగి ఉంటే మాత్రం పర్యవేక్షణ ఎక్కువ కాలం, ఎక్కువ జాగ్రత్తగా సాగాలి. ఏ రకమైనా సరే, కుంటడం పోయింది కదా అని ఏడాదికి, రెండేళ్లకు చేయవలసిన కొలతలను మానుకోకండి, ఎందుకంటే కాలి పొడవులో తేడా బయటపడేది అప్పుడే.